జనార్దనరావు గడుగ్గాయి

ఆ ఏడాది ప్రపంచం మొత్తం రెండు సున్నాలకి జడిసింది. తొంభైతొమ్మిది దాటగానే కంప్యూటర్లకి ఏ సంవత్సరమో తెలియక తికమకపడి, బ్యాంకులూ విమానాలూ ఎక్కడివక్కడ ఆగిపోతాయని తలపండినవాళ్ళే నమ్మారు. తీరా ఏమీ కాలేదు. అందరూ కష్టపడి పనిచేసినందువల్ల కాలేదా, అసలు అయ్యేదే కాదా అన్నది ఈనాటికీ తేలలేదు. ఆ సంగతి అలా ఉంచితే, ఆ భయం పుణ్యమా అని ఎంతోమంది తెలుగు కుర్రాళ్ళ ఇళ్ళలో పొయ్యి బాగా వెలిగింది. సింగపూర్‌లో, తంజోంగ్ పగార్‌లోని ఒక బ్యాంకు ఆఫీసులో కృష్ణచైతన్య చేసే పని కూడా అదే, పాత ప్రోగ్రాముల్లో తేదీలు వెతికి సరిచెయ్యడం. శనివారాలు కూడా ఆఫీసుకి వెళ్తున్నానంటే ఆ రోజుల్లో కట్టుకున్న పెళ్ళాం కూడా ఎందుకని అడిగేది కాదు. అబద్ధం ఆడదలచినవాడికి అంతకంటే మంచి కాలం మళ్ళీ రాలేదు.

చైతన్య ఆడిన అబద్ధం చిన్నదే. శనివారం పొద్దున్నే ఇంటి దగ్గర టాంపినీస్‌లో రైలెక్కి, ఆఫీసు దాకా పోకుండా బెడోక్‌లో దిగిపోయేవాడు. అక్కడ వర్క్‌షాపుల వరసలో తాన్ అనే ముసలి చైనా మెకానిక్ షెడ్డు ఉంది. ఆ షెడ్డు వెనక, టార్పాలిన్ కింద, ఇరవై ఏళ్ళుగా కదలని ఎర్రబండి ఒకటి ఉంది. అది అతని మేనమామ జనార్దనరావుది. మేనమామకి తెలియకుండా దాన్ని మళ్ళీ బతికించాలని చైతన్య పట్టుదల. బండి బతికితే మేనమామ కూడా బతుకుతాడని అతని ఆశ. ఈ రెండోదే అసలు సంగతి.

జనార్దనరావు విశాఖపట్నంలో ఓడల ఫిట్టరుగా పనిచేసి, వయసులో ఉండగానే సింగపూర్ వచ్చి ఇక్కడి షిప్‌యార్డులో చేరాడు. ఇంటి దగ్గర సంబంధాలు చూస్తున్న రోజుల్లో చెల్లెలు కమలాదేవి భర్త పోయాడు. చంకలో పిల్లాడితో ఉన్న చెల్లెల్ని ఆయన తన దగ్గరికి తెచ్చేసుకున్నాడు. ఆ తరవాత ఆయన పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే చెల్లెలే ఎత్తాలి, ఆవిడకేమో తన దుఃఖంతోనే సరిపోయింది. అలా చైతన్యకి తండ్రంటే గోడమీద ఫోటో, మావయ్యంటే బూట్లు పాలిష్ చేసి బడికి దింపే మనిషి.

అంత బుద్ధిమంతుడికీ ఒక వ్యసనం ఉండేది, ఈ బండి. పాత ఫోర్డ్ కార్టినా ఒకటి కొని, ఎక్కడో గుద్దుకుపోయిన పెద్దబండి ఇంజను తెచ్చి అందులో దించాడు. పట్టకపోతే బానెట్టుకి కన్నం చేశాడు. వెనక లావుపాటి చక్రాలు బిగించి, ఒళ్ళంతా ఎర్రరంగు పూశాడు. ఇలాంటి బండిని అమెరికా పత్రికల్లో హాట్ రాడ్ అంటారట. ఆయన మాత్రం గడుగ్గాయి అని పిలుచుకునేవాడు. చెప్పినమాట వినదు, వీధివీధంతా తిడుతుంది, అయినా ముద్దొస్తుంది, మరి ఇంకేమని పిలుస్తాడు?

చైతన్యకి గడుగ్గాయి జ్ఞాపకం కొంచెమే. ఎండకి కాలిన సీటు, చాంగీ వైపు సముద్రం పక్క రోడ్డు, గేరు మార్చినప్పుడల్లా మావయ్య వేసే ఈల. అతనికి ఎనిమిదేళ్ళప్పుడు బండి కనపడకుండా పోయింది. తీసేశానురా అన్నాడు మావయ్య. పిల్లలు అలాంటివి నమ్మేస్తారు. పైగా ఈ ఊళ్ళో బండికి కూడా ఆయుష్షు రాసిపెట్టే ఉంటుంది, పదేళ్ళు నిండితే గవర్నమెంటు వాళ్ళే పాడెకట్టిస్తారు. కాబట్టి పెద్దయ్యాక కూడా అతనికి అనుమానం రాలేదు.

రెండేళ్ళ కిందట కమలాదేవి పోయింది. అన్నగారికి ఆ రోజు నుంచీ దిగజారుడు మొదలైంది. ఎప్పట్నుంచో ఉన్న షుగరు మూత్రపిండాల్ని తినేసింది. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలనీ, లేకపోతే కొన్ని నెలలకంటే నమ్మకం చెప్పలేమనీ డాక్టరు తేల్చేశాడు. జనార్దనరావు శ్రద్ధగా విన్నాడు, డాక్టరుకి దణ్ణం పెట్టాడు, ఇంటికొచ్చి ఆ ఊసే మానేశాడు. చైతన్య బతిమాలాడు. అతని భార్య లత కోప్పడింది, కన్నీళ్ళు పెట్టుకుంది, ఒకపూట అన్నం మానేసింది. ఆయన అందరికీ ఒకటే జవాబు చెప్పాడు.

"పంపు బయటపెట్టి నడిపే ఇంజను ఇంజనేనటరా చైతూ? చాల్లే. నడిచినన్నాళ్ళు నడిచింది."

మనిషికి చావు భయం ఉంటే బెదిరించి దారికి తేవచ్చు. బతుకుమీద ఆశ ఉంటే చూపించి తేవచ్చు. రెండూ లేనివాణ్ణి ఏం చేస్తాం? చైతన్యకి పాలుపోలేదు. అలాంటి రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం మావయ్య చెప్పకుండా బయటికి వెళ్తుంటే, దారిలో పడిపోతాడేమోనని వెనకాలే నడిచాడు. జనార్దనరావు బస్సెక్కి బెడోక్‌లో దిగి, తాన్ షెడ్డులోకి వెళ్ళి, టార్పాలిన్ తొలగించి, ఆ ఎర్రబండిలో కూర్చున్నాడు. తాళం లేదు, చప్పుడు లేదు. ఊరికే స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన మొహంలో అంత వెలుగు చైతన్య రెండేళ్ళుగా చూడలేదు. తలుపు చాటున నిలబడి, అమ్మయ్య, ఈయనకి ఇంకా కావలసింది ఒకటుంది అనుకున్నాడు. ఆ సంతోషంలో కళ్ళు తుడుచుకుంటూ రైలెక్కాడు.

మరుసటి శనివారమే తాన్ దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాడు. తాన్ వెంటనే ఒప్పుకోలేదు. ఈ బండి ఎవర్నీ స్టార్టు చెయ్యనివ్వద్దని మీ అంకుల్ నాకు చెప్పాడు, ఎందుకని అడిగితే కెనాట్ అన్నాడు, కెనాట్ అంటే కెనాట్ లా, కుదరదంటే కుదరదు, అని నసిగాడు. చైతన్య నవ్వాడు. మావయ్య సంగతి తనకి తెలియనిదా? తన వస్తువు మీద ఇంకొకడి చెయ్యి పడితే ఓర్చుకోలేని మనిషి, ఇంట్లో ఫ్యాను రిపేరుకి కూడా ఎవర్నీ పిలవనివ్వడు. ఆయన ప్రాణం కోసం చేస్తున్నానని చెప్పేసరికి తాన్ స్పానర్ల డబ్బా అతని ముందుకి తోశాడు.

పని తేలికేం కాలేదు. రబ్బరు గొట్టాలు ముట్టుకుంటే పొడైపోయాయి. పెట్రోలు ట్యాంకులో జిగురు పేరుకుపోయింది. తుప్పు రాల్చిన చోటల్లా కింద ఇంకో తుప్పు. కొన్ని సామాన్లు మలేషియా సరిహద్దు అవతల జొహోర్ బారు పాతసామాన్ల కొట్లలో దొరికాయి, కొన్ని తాన్ చేసిపెట్టాడు. చైతన్య చిన్నప్పుడు మావయ్య పక్కన కూర్చుని నేర్చుకున్న పనంతా వేళ్ళకి మళ్ళీ వచ్చింది. కంప్యూటరు ముందు రోజంతా కూర్చున్నా రాని ఆకలి ఇక్కడ వేసేది. తాన్ తెచ్చిపెట్టిన నూడుల్సు జిడ్డు చేతుల్తోనే తినేసేవాడు.

ఇంజను విప్పినప్పుడు ఒకటి కనిపించింది. స్పార్కు ప్లగ్గులుండాల్సిన కన్నాల్లో గట్టి చెక్కబిరడాలు దిగ్గొట్టి ఉన్నాయి. నిప్పురవ్వని పంచిపెట్టే రోటర్ లోపల లేనేలేదు. ఎవరో కావాలని చేసిన పని. ఓడ ఇంజన్లని చాలాకాలం ఆపేటప్పుడు చెమ్మ దిగకుండా కన్నాలు మూస్తారని మావయ్యే చెప్పాడొకప్పుడు. చూశావా, ఎప్పటికైనా నడుపుదామనే ఇంత జాగ్రత్తగా దాచుకున్నాడు అనుకుని చైతన్య పొంగిపోయాడు. బిరడాలు ఊడబెరికి, కొత్త ప్లగ్గులూ రోటరూ బిగించాడు.

ఇంకొకటి కూడా కనిపించింది. స్టీరింగు కడ్డీకి అడుగున, పసుపుగుడ్డలో చుట్టిన పసుపుకొమ్ము దారంతో గట్టిగా కట్టి ఉంది. గుడ్డ నల్లబడి, దారం ముట్టుకుంటే తెగేలా ఉంది. ఎప్పటిదో వాహనపూజలో అమ్మ కట్టి ఉంటుందనుకున్నాడు. కొత్తది కట్టాలంటే పాతది తియ్యాలి కదా. తీసింది కాళ్ళకింద పడకూడదు, నీళ్ళలో కలపాలి. మనవాళ్ళ పద్ధతి అతనికి బాగానే తెలుసు. దాన్ని కళ్ళకద్దుకుని, సాయంత్రం ఈస్ట్ కోస్ట్ ఒడ్డుకి నడిచివెళ్ళి సముద్రంలో వదిలేశాడు. ఇంటికెళ్ళాక లతకి అంతా చెప్పేశాడు. ఇన్నాళ్ళూ దాచినందుకు ఆమె మూతి ముడిచింది గానీ, ఎంతసేపో నిలవలేదు. విజయదశమి రోజున చూపిద్దాం, ఆయుధాలకీ వాహనాలకీ పూజ చేసే రోజు, అంతకంటే శుభమేముంది అంది. నిమ్మకాయలూ కుంకుమా తనే కొంది.

ఆ పొద్దున మావయ్యని గుడికని చెప్పి ట్యాక్సీ ఎక్కించారు. బెడోక్ దగ్గర మళ్ళేసరికి ఆయన ఎటురా అన్నాడు. షెడ్డు ముందు దిగారు. గడుగ్గాయి వాకిట్లో ఎండలో నిలబడి ఉంది. ఒళ్ళంతా కొత్త ఎరుపు, ముందు చామంతి దండ, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు. జనార్దనరావు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆయన చెయ్యి పైకి లేచింది. అప్పటికే బండిలోకెక్కి కూర్చున్న చైతన్య దాన్ని ఆనందం అనుకున్నాడు. కిటికీలోంచి నవ్వుతూ మావయ్యనే చూస్తూ తాళం తిప్పాడు.

ఇరవై ఏళ్ళు నోరు మూసుకున్నది ఒక్కసారిగా గర్జించింది. పక్క షెడ్లవాళ్ళు బయటికొచ్చి చప్పట్లు కొట్టారు. తాన్ పళ్ళు లేని నోటితో నవ్వాడు. జనార్దనరావు ఒక్కడూ పరిగెత్తాడు. ఆ వాచిన కాళ్ళతో ఎలా పరిగెత్తాడో గానీ వచ్చి, కిటికీలోంచి చెయ్యి దూర్చి తాళం లాగేసి, రెండుచేతులా మేనల్లుడి తల పట్టుకున్నాడు. తల తడిమాడు, మెడ తడిమాడు, చెవి వెనక పాతమచ్చ తడిమాడు.

"ఇక్కడ పసుపుకొమ్ము ఉండాలి. ఏదిరా?"

సముద్రంలో కలిపానని చైతన్య చెప్పాడు. ఆయన అక్కడే నేలమీద కూలబడ్డాడు. లత మంచినీళ్ళు తాగించింది. కొంతసేపటికి, తల ఎత్తకుండా, ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెప్పాడు.

ఆ రోజు చాంగీ రోడ్డుమీద ఎనిమిదేళ్ళ చైతన్య ముందుసీట్లో నిలబడి ఇంకా ఇంకా అని గంతులేస్తుంటే, ఈయన ఇంకా ఇంకా తొక్కాడు. వానకి తడిసిన మలుపులో బండి జారి కాలవలో పడింది. ఈయనకి గీత కూడా పడలేదు. పిల్లాడికి తల పగిలింది. ఆస్పత్రిలో వాడు కళ్ళు తెరవకుండా పడి ఉంటే, కమలాదేవి ఏడవలేదు, తిట్టలేదు. అన్నగారి చెయ్యి పట్టి పిల్లాడి కట్టుమీద పెట్టించింది. ఆ ఇంజను మళ్ళీ మోగితే ఈ పిల్లాడు నాకు లేనట్టేనని అనమంది. ఆయన అన్నాడు. తెల్లారేసరికి వాడు కళ్ళు తెరిచి దాహమన్నాడు. ఆ మర్నాడే ఆవిడ వెళ్ళి బండికి పసుపుకొమ్ము కట్టి వచ్చింది. పిల్లాడికి ఆ రోజులేవీ గుర్తులేవు. మెట్లమీంచి పడ్డావని వాడికి చెప్పింది జనార్దనరావే.

చైతన్యకి ముందు నవ్వొచ్చింది. గుండెలమీంచి బరువు దిగినట్టయింది. ఇంతేనా, ఇంత చిన్నదానికా ఈ మనిషి ఇరవై ఏళ్ళు కుమిలింది అనుకున్నాడు. మేనమామ పక్కన చతికిలబడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒట్టు తీసి గట్టున పెట్టెయ్ మావయ్యా."

"వేయించుకున్న మనిషి తియ్యాలిరా. అది పోయిందిగా. ఇంకెవరు తీస్తారు?"

మరి అంత భయమైతే బండిని ముక్కలు చేయించి పారెయ్యకపోయావా అని లత అడిగింది. ఆయన చక్రాల కిందున్న నిమ్మకాయల్నే చూస్తూ చెప్పాడు. అమ్మితే కొన్నవాడు స్టార్టు చేస్తాడు, అందుకే అమ్మలేదన్నాడు. ముక్కలు చేయించడానికి మనసొప్పలేదన్నాడు. మోగకపోయినా కళ్ళెదురుగా ఉంటే చాలనుకున్నాననీ, దానిమీద తన మోజు చావలేదనీ, ఆ మోజే ఇవాళ పిల్లాడి ప్రాణం మీదికి తెచ్చిందనీ అన్నాడు. ఆ వయసు మనిషి అలా తల దించుకుని మాట్లాడుతుంటే చూడలేక లత అవతలికి వెళ్ళిపోయింది.

పాతసామాన్ల లారీని పిలవమని ఆయన తాన్‌కి అప్పటికప్పుడే చెప్పాడు. వచ్చిన పనివాళ్ళచేత తన ఎదురుగానే ఇంజను మీద సమ్మెట వేయించాడు. చైతన్య అడ్డుపడలేదు. నెలల తరబడి గోకి, తోమి, రంగు వేసిన బండిని ఇనపకొక్కేనికి తగిలించి పైకెత్తుతుంటే, పోనీలే, దీనితో ఈయన భయం తీరుతుందిలే అనుకున్నాడు. ఎంత చదివినా తెలివి ముందుకాలానికి పనికిరాదు, వెనకాల ఏడవడానికే పనికొస్తుంది.

ఆ తరవాత కొన్ని వారాలు ఆ ఇంట్లో వింత జరిగింది. జనార్దనరావు కోలుకున్నాడు, కోలుకున్నట్టు కనిపించాడు. పొద్దున్నే లేచి చైతన్య వెంట రైలు స్టేషను దాకా వచ్చేవాడు. మధ్యాహ్నం ఆఫీసుకి ఫోను చేసి తిన్నావా అనేవాడు. ఇంటికి రాగానే నుదుటిమీద అరచెయ్యి ఆనించి, జ్వరం లేదు కదా అని చూసుకునేవాడు. ఒట్టు సంగతి మరిపించాలని లత గుళ్ళో పూజారిని ఇంటికి తీసుకొచ్చి శాంతి చేయించింది. ఆయన భక్తిగా తీర్థం పుచ్చుకున్నాడు. పూజారి వెళ్ళాక, ఆయనకి నేనేమీ ఒట్టు వెయ్యలేదు కదమ్మా అని మెల్లిగా అన్నాడు. అయినా ఆ మర్నాడే ఆయన చెప్పిన మాటకి ఇద్దరూ ఎగిరి గంతేశారు. డయాలిసిస్‌కి వెళ్తానన్నాడు. నువ్వు ఆఫీసు మానద్దు, నేనే ట్యాక్సీలో వెళ్ళొస్తాననీ, ఆ గొట్టాలన్నీ మీరు చూడలేరనీ అన్నాడు.

అన్నట్టే వారానికి మూడురోజులు వెళ్ళొచ్చేవాడు. చేతికి పట్టీ ఉండేది, పొడుగుచేతుల చొక్కా వేసుకునేవాడు, రాగానే అలసి పడుకునేవాడు. శనివారాలు ఆఫీసుకని చెప్పి షెడ్డుకెళ్ళిన చైతన్యకి అందులో అబద్ధం కనపడలేదు. మేనమామ పోలికలు ఊరికే పోతాయా, ఆ విద్యలో మేనల్లుణ్ణి మించినవాడాయన. ఒకరోజు సెరంగూన్ రోడ్డు గుళ్ళోంచి ఫోనొచ్చింది. మీ పెద్దాయన ఇక్కడ ప్రదక్షిణాలు చేస్తూ పడిపోయాడు, ఒకరోజు తప్పించి ఒకరోజు వస్తుంటాడు, ఎన్ని వద్దన్నా వినడు, ఆంబులెన్సుకి చెప్పాం, మీరు రండి అన్నారు.

ఆస్పత్రిలో పొడుగుచేతులు పైకి మడిచి చూస్తే చేతిమీద సూదిమచ్చ ఒక్కటి కూడా లేదు. ఆయన మిషను మొహమే చూడలేదని తెలిసింది. డాక్టరు ఇప్పుడైనా మొదలుపెడదామన్నాడు. ఆయన వద్దన్నాడు. తెలివిలో ఉన్న మనిషి వద్దంటే ఈ దేశంలో డాక్టరైనా బలవంతపెట్టలేడు. చైతన్య అందర్నీ బయటికి పంపి, మంచం పక్కన కూర్చున్నాడు. జనార్దనరావే చెప్పాడు. ఒట్టు ఎవరూ తియ్యలేరు కాబట్టి దాన్ని తనమీదికి మళ్ళించమని వేంకటేశ్వరుణ్ణి అడిగాడట. పిల్లాడికి పోవలసిన ప్రాణం బదులు తనది తీసుకోమన్నాడట. తనేమో మిషను పెట్టించుకుని ఆయుష్షు పెంచుకుంటూ, దేవుణ్ణి పిల్లాణ్ణి వదిలెయ్యమంటే ఏం న్యాయం?

చైతన్య ఆయన చెయ్యి రెండుచేతులతో పట్టుకున్నాడు.

"నాకేం కాలేదు కదా మావయ్యా. చూడు, గుండ్రాయిలా ఉన్నాను."

"అదేరా నేను చెప్పేది. నీకేమీ కాలేదు. ఆయన ఒప్పుకున్నాడన్నమాట."

తప్పు ఎక్కడుందో వెతికి తీసెయ్యడమే చైతన్య చేసే ఉద్యోగం. ఈ లెక్కలో తప్పు ఎక్కడ పట్టుకోవాలో అతనికి తెలియలేదు. తను ఆరోగ్యంగా ఉన్న ప్రతి రోజూ మావయ్య నమ్మకానికి ఇంకో సాక్ష్యం. తను నవ్వుతూ వస్తే ఆయన చావడానికి ఇంకాస్త సిద్ధమవుతాడు. పోనీ ఏదైనా దెబ్బ తగిలించుకుని వస్తే? అప్పుడు ఆయన, దేవుడికి ఇచ్చింది చాలలేదనుకుని, ఉన్న గుక్కెడు నీళ్ళు కూడా మానేస్తాడు. ఎటు తిరిగినా గోడే. ఆ గోడ కట్టింది తన చేతులే. మంచి చేద్దామనే కట్టాడు, అందులో అనుమానం లేదు, కానీ ఆ మాట ఎవరికి చెప్పుకుంటాడు? ఆ రోజు ఇంటికెళ్ళి లత ఒళ్ళో తల పెట్టుకుని, నేనే చంపేశాను అని ఒకటే మాట అన్నాడు. కాదని ఆమె అంది. గట్టిగా అనలేకపోయింది.

డిసెంబరు వానలు పట్టుకున్నాయి. జనార్దనరావుకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, గుండె బలహీనపడింది. ఇప్పుడు ఆయన ఒప్పుకున్నా మిషను భరించలేడనీ, ఇక బాధ తెలియకుండా చూడటమేననీ డాక్టరు చెప్పాడు. చైతన్య రోజూ వెళ్ళేవాడు. వెళ్ళగానే ఆయన మాటకంటే ముందు చెయ్యి ఎత్తేవాడు. చైతన్య వంగి నుదురు అందించేవాడు. అరచెయ్యి ఆనించి చూసుకుని, అప్పుడు కళ్ళు మూసుకునేవాడు. ఆ పూటకి ఆయనకి అదే మందు.

ఒక పొద్దున చైతన్య లేచేసరికి ఒళ్ళు కాలిపోతోంది. ఆఫీసులో సగంమందికి అంటుకున్న వానాకాలపు జ్వరమే, అంతకంటే ఏమీ లేదు. ఇవాళ మానెయ్యమని లత అంది. మానేస్తే ఎందుకు రాలేదని ఆయన అనుమానపడి ప్రాణం ఉగ్గబట్టుకుంటాడు, పోవడం కూడా నరకమే అవుతుంది. అతను మాత్ర వేసుకుని బయలుదేరాడు. వార్డు బయట కూల్‌డ్రింకుల మిషను ఉంది. చల్లటి టిన్ను ఒకటి తీసుకుని, బెంచీమీద కూర్చుని, నుదుటికి అదుముకున్నాడు. అది వేడెక్కితే ఇంకొకటి తీశాడు. దారినపోయే నర్సు ఒకామె ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాడు. అలా కూర్చున్నప్పుడు అతనికి తెలిసింది తను ఏం చేస్తున్నాడో. ఇన్ని నెలలు ఏ చావుని ఆపాలని ఇంత చేశాడో, దానికి ఇప్పుడు తనే తలుపు తీసి పట్టుకుంటున్నాడు. లోపలికెళ్ళి, చూడు మావయ్యా నాకు జ్వరమొచ్చింది, నీ బేరం కుదరలేదు, లేచి బతుకు అని అరవాలనిపించింది. బతకడానికి ఆయనలో ఇంకేమీ మిగల్లేదని గుర్తొచ్చింది. మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళాడు.

జనార్దనరావు చెయ్యి సగం దాకా లేచింది. చైతన్య దాన్ని పట్టుకుని తన నుదుటికి ఆనించుకున్నాడు. పళ్ళు టకటకలాడకుండా దవడ బిగపట్టాడు.

"చల్లగా ఉన్నావురా."

"ఊఁ. బావున్నాను మావయ్యా."

ఆయన మొహం తేటపడింది. ఇంక పరవాలేదు అన్నాడు, అది కూడా చైతన్యతో కాదు, అవతల ఇంకెవరితోనో అన్నట్టుంది. కాస్త నీళ్ళు అడిగి పెదవులు తడుపుకున్నాడు. సాయంత్రం వాన వెలిసే వేళకి పోయాడు.

మండాయ్ శ్మశానంలో చైతన్య జ్వరంతోనే తలకొరివి పెట్టాడు. కొడుకు కాకపోయినా ఇంకెవరున్నారు గనక. ఇంటికొచ్చి పడుకున్నవాడు కళ్ళు తెరవలేదు, అన్నం ముట్టలేదు. నిద్రలో ఏదేదో గొణిగాడు. జ్వరం ఇంకా పెరగాలనీ, తనని కూడా లాక్కుపోవాలనీ, మావయ్య బేరం ఉత్తదేననీ, ఆయన ఊరికే పోయాడనీ ఎవరికో ఒకరికి తెలియాలనీ లోపల ఏదో మొండిగా కోరుకుంది. మూడోనాడు పొద్దున్న లత వచ్చి దుప్పటి తొలగించి, నుదుటిమీద చెయ్యి వేసి చూసింది.

"తగ్గిపోయిందండీ, ఒళ్ళు చల్లబడింది," అని గుండెలనిండా ఊపిరి పీల్చుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. చైతన్య గోడవైపు తిరిగిపోయి, నోట్లో దుప్పటి కుక్కుకుని ఏడ్చాడు.